‘పాట హిట్టయితే చూద్దాం’ అన్న చోట కూలి లెక్క: హనుమకొండ జానపద వీడియో బృందం కేసు

ఈ కేసు హనుమకొండలో ఉంటూ జానపద పాటల వీడియోలు, అప్పుడప్పుడు షార్ట్ ఫిల్ములు తీసే తొమ్మిది మంది బృందానిది. ఛానెల్ పేరు, పాటల పేర్లు, షూటింగ్ జరిగిన ఊళ్లు తీసేశాను. రూపాయల అంకెలను గుండ్రం చేశాను కానీ వాటి మధ్య పొంతన చెడకుండా చూశాను. పైకి ఇది హిట్ పాట డబ్బుల పంపకం తగాదా. లోపల చూస్తే పని దినానికి హద్దు లేదు, మనిషి కూలీ సామాను కిరాయీ ఒకే ముద్దగా కలిసిపోయాయి. ఉత్తర తెలంగాణలో యూట్యూబ్ మీద బతికే బృందాల్లో ఈ రెండూ తరచూ కనిపిస్తాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, వరంగల్ ప్రాంతాల్లో ఫిల్మ్‌నగర్‌తో సంబంధం లేకుండా ఒక తెర పరిశ్రమ పెరిగింది. మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి గంగవ్వ ఇంటింటికీ తెలిసిన ముఖమైంది ఈ దారిలోనే. పరిశ్రమ అంటున్నాను కానీ దీనికి సొంత పెట్టుబడి తక్కువ. దీన్ని మోసేది పెళ్లి వీడియోల వ్యాపారం. కెమెరాలు, గింబల్స్ (కెమెరా అదరకుండా పట్టే పిడులు), డ్రోన్లు పెళ్లిళ్ల కోసం కొన్నవి. ఎడిటర్లు పెళ్లి ఆల్బమ్‌లు, ప్రీ వెడ్డింగ్ వీడియోలతో చేయి తిరిగినవాళ్లు. డ్యాన్సర్లకు సంగీత్ ఈవెంట్లు, కాలేజీ ఫంక్షన్లు ఉంటాయి.

అందుకే ఇక్కడి షూటింగ్ క్యాలెండర్‌ను పంచాంగం నడిపిస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం ముహూర్తాల్లో కెమెరామెన్ దొరకడు. ఆషాఢం వచ్చినా, మూఢం పడ్డా అందరూ ఖాళీ. భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది, పాట అంతకు మూడు నాలుగు వారాల ముందే జనంలోకి వెళ్లాలి. నాట్ల పచ్చదనం, ఖాళీ కెమెరాలు, బతుకమ్మ గడువు, మూడూ ఎక్కువగా ఆషాఢంలోనే కలుస్తాయి. రేట్లు తగ్గేది కూడా అప్పుడే. పెళ్లిళ్లు లేని నెలలో చేతిలో పైసలాడవు కాబట్టి ఎంతిస్తే అంతకే ఒప్పుకుంటారు.

బృందంలో ఛానెల్ యజమానే డైరెక్టర్. మిగతా వాళ్లు కెమెరామెన్, అతని అసిస్టెంట్, ఎడిటర్, డ్యాన్స్ మాస్టర్, లీడ్ జంట, మేకప్ అక్క, ప్రొడక్షన్ మేనేజర్. గ్రూప్ డ్యాన్సర్లు పాటకు ఎనిమిది మంది రోజు కూలికి వస్తారు. ఒక్కో పాటకు రూ. 1.4 లక్షలు. అందులో సంగీతం, మిక్సింగ్ 30 వేలు, ఇద్దరు సింగర్లకు 16 వేలు, రచనకు 8 వేలు. మిగిలిన 86 వేలు రెండు రోజుల షూటింగ్, ఎడిటింగ్, డీఐ (వీడియో రంగులు సరిదిద్దే పని)లకు.

వచ్చిన సమస్య

ఒక పాట కోటి వ్యూస్ దాటింది. ‘కోటి అంటే పది లక్షలొస్తయంట’ అనే మాట బృందంలో తిరిగింది. షూటింగప్పుడు యజమాని అందరికీ చెప్పిన మాట ఒకటే: ‘తమ్మీ, ఇప్పుడు ఇంత తీస్కో, పాట హిట్టయితే సూద్దాం.’ ఇప్పుడు హిట్టయింది. ఎడిటర్ తర్వాతి పాట హార్డ్ డిస్క్ ఇవ్వనన్నాడు. లీడ్ అమ్మాయి వచ్చే షూటింగ్‌కు రానంది. కెమెరామెన్‌కు మూడు ఈఎంఐలు తప్పాయి. పైగా వాన తడికి జారే బండరాయి మీద ఒక డ్యాన్సర్ కాలు బెణికింది. పది రోజులు పని పోయినా, ఆసుపత్రి ఖర్చు ఎవరిదో తేలలేదు.

వాళ్లు నన్ను అడిగింది ఆ పాట డబ్బుల్లో ఎవరికెంతో తేల్చమని. దానికంటే ముందు రెండు విషయాలు చూడాల్సి వచ్చింది. ఒకటి, వచ్చిందెంత? రెండు, ఆ ఒక్క పాటనే విడిగా చూడటం న్యాయమేనా?

యూట్యూబ్ స్టూడియోలో కనిపించే అంకె అంచనా మాత్రమే. నెల ఆదాయం తర్వాతి నెల 7 నుంచి 12 మధ్య ఖరారవుతుంది, 21 నుంచి 26 మధ్య బ్యాంకుకు చేరుతుంది. అదీ ఖాతాలో 100 డాలర్లు నిండితేనే. ఖరారైన నెలలన్నీ కలిపితే ఆ పాటకు వచ్చింది రూ. 2.35 లక్షలు. ఇంకో రూ. 55 వేలు కంటెంట్ ఐడీ (పాట ఎవరిదో గుర్తుపట్టి ఆదాయాన్ని హక్కుదారుకు మళ్లించే యూట్యూబ్ ఏర్పాటు) క్లెయిమ్‌లో పోయాయి. సంగీతం చేసినతను ఆడియోను వేరే డిస్ట్రిబ్యూటర్ ద్వారా కూడా అప్‌లోడ్ చేయించాడు, దాంతో బృందం సొంత వీడియో మీదే క్లెయిమ్ పడింది. క్లెయిమ్ పడ్డ 5 రోజుల్లో డిస్ప్యూట్ (అభ్యంతరం) పెడితే మొదటి రోజు నుంచి వచ్చే ఆదాయాన్ని యూట్యూబ్ పక్కన పెడుతుంది, ఆలస్యమైతే పెట్టిన రోజు నుంచే. ఇక్కడ మూడు వారాలు గడిచాక చూశారు.

ఆ ఏడాది తీసినవి ఆరు పాటలు. ఒకటి ఖర్చు దాటింది. ఒకటి పెట్టినంత తెచ్చింది. నాలుగు తలా 50 వేల దగ్గర ఆగాయి. పెట్టింది 8.4 లక్షలు, వచ్చింది 5.75 లక్షలు. తేడాను యజమాని తన పెళ్లి ఆర్డర్ల డబ్బుతో పూడ్చాడు. ఈ కాగితం అందరి ముందూ పెట్టాక, పంచడానికి లాభమే లేదని అర్థమైంది. కానీ లాభం లేదనడం వాళ్ల ఫిర్యాదుకు జవాబు కాదు. పదిహేను గంటలు పనిచేసిన మనిషికి తక్కువ ముట్టిందన్నది నిజమే. అది పాట హిట్టయినా కాకపోయినా నిజమే.

ప్రయత్నించి వదిలేసినవి

మొదట వాటాల పద్ధతి పెట్టారు. ఛానెల్‌కు 40 శాతం, మిగిలింది అందరికీ. నమ్మకం కోసం ఛానెల్ పర్మిషన్లలో ఇద్దరికి ‘వ్యూయర్’ హోదా ఇచ్చారు. ‘వ్యూయర్ లిమిటెడ్’ ఇస్తే ఆదాయం కనిపించదు, ఈ తేడా తెలియక చాలా చోట్ల అనుమానాలు పెరుగుతాయి. అంకెల మీద గొడవ ఆగింది. జీతం సమస్య మాత్రం ఆగలేదు. నాలుగు పాటలు ఖర్చే తేని చోట వాటా అంటే సున్నాలో వాటా. వచ్చే ఆ కాస్తా నెలనెలా చిల్లరగా వస్తుంది, కిరాణా కొట్టు ఖాతా మాత్రం ఒకటో తారీఖున కట్టాలి. పైగా యాడ్‌సెన్స్ (యూట్యూబ్ ఆదాయం చెల్లించే గూగుల్ ఖాతా) డబ్బంతా యజమాని పాన్ మీద పడుతుంది. ఫోన్‌పేలో పంచిన వాటాలకు కాగితం లేకపోతే పన్ను లెక్కలో అదంతా అతని ఆదాయంగానే కనిపిస్తుంది.

తర్వాత హైదరాబాద్ యూనియన్ కార్డుల ఆలోచన వచ్చింది. 24 క్రాఫ్ట్స్ సంఘాలకు, అంటే సినిమా పనివాళ్ల యూనియన్లకు, బలముంది. 2025 ఆగస్టులో కూలి పెంపు కోసం షూటింగులు ఆపి, విడతలవారీ పెంపు సాధించుకున్నారు. కానీ ఆ రేట్లు సినీ నిర్మాతల వైపుతో కుదిరిన ఒప్పందాలు, హనుమకొండ యూట్యూబ్ యజమాని వాటికి కట్టుబడడు. సినిమాల వైపు వెళ్లాలనుకున్న మేకప్ అక్క మాత్రం ఆ దారి పట్టింది. అది ఆమెకు సరైన నిర్ణయం, బృందానికి పరిష్కారం కాదు.

మూడోది రేటు పెంపు. డ్యాన్సర్లకు వెయ్యి నుంచి 1,200 చేశారు. వెంటనే జరిగింది ఏంటంటే, ఒకే రోజులో రెండు పాటలు కుక్కారు. పొద్దున 5 గంటలకు బయల్దేరి రాత్రి 9కి ప్యాకప్. రోజు అంటే ఎన్ని గంటలో రాసుకోకుండా రేటు పెంచితే పాటకు పడే కూలి పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది. ఇక్కడ తగ్గింది. కేసు మలుపు తిరిగింది ఇక్కడే.

కెమెరామెన్ లెక్క

‘ఫ్రెండ్లీ రేటు’ అని రోజుకు రూ. 3 వేలకు కెమెరాతో సహా వచ్చేవాడు. పెళ్లిళ్లలో 5 వేలు తీసుకునే మనిషి. అతని సామాను ఖరీదు రాయించాను: బాడీ 2.2 లక్షలు, రెండు లెన్సులు 1.4 లక్షలు, గింబల్ 60 వేలు, బ్యాటరీలు, కార్డులు, బ్యాగు 30 వేలు. మొత్తం 4.5 లక్షలు. మూడేళ్ల తర్వాత అమ్మితే 1.8 లక్షలు రావచ్చు. అంటే మూడేళ్లలో కరిగేది 2.7 లక్షలు. ఏడాదికి 90 పని రోజుల చొప్పున మూడేళ్లకు 270 రోజులు, రోజుకు వెయ్యి రూపాయల అరుగుదల. ఈఎంఐ వడ్డీ రోజుకు 300 పడుతుంది, రిపేర్లు, సెన్సర్ క్లీనింగ్ 200. కెమెరా సంచి విప్పితేనే రోజుకు 1,500 ఖర్చన్నమాట. అసిస్టెంట్‌కు తన జేబులోంచి 800 ఇస్తున్నాడు. పెట్రోలు 300.

3 వేలలోంచి 2,600 పోతే మిగిలింది 400. రెండు చేతులతో గింబల్ పట్టుకుని పొలం గట్ల మీద పదిహేను గంటలు నడిచిన మనిషికి రోజుకు 400. చేతికి 3 వేలు వస్తున్నాయి కాబట్టి అతనికీ తెలియలేదు, ఇచ్చేవాడికీ తెలియలేదు. ఈఎంఐ తప్పినప్పుడు మాత్రం బయటపడింది, అప్పుడు దాన్ని అతని దుబారా అనుకున్నారు.

రోజెందుకు సాగుతోంది?

పదిహేను గంటల రోజుకు యజమాని ఆశ ఒక్కటే కారణం కాదు. రెండు షూటింగుల కాల్ టైములు, షాట్ల క్రమం కాగితం మీద పెడితే సమయం ఎక్కడ పోతోందో కనిపించింది.

పెద్ద దోషి స్లో మోషన్. ఎడిటింగ్ టైమ్‌లైన్ సెకనుకు 25 ఫ్రేములదైతే 50లో తీసిన షాట్ సగం వేగంతో నడుస్తుంది. ఆ షాట్‌లో లిప్ సింక్ కుదరాలంటే షూటింగ్‌లో పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి. డైరెక్టర్ అప్పటికప్పుడు ‘ఇది స్లోలో తీద్దాం’ అంటే రెట్టింపు వేగం ట్రాక్ ఎవరి దగ్గరా ఉండేది కాదు. మామూలు వేగంలో తీసేవారు, ఎడిట్‌లో పెదవులు కలవక ఆ షాట్ పడేసేవారు, లేదా సాయంత్రం మళ్లీ తీసేవారు. బ్లూటూత్ స్పీకర్ ఇంకో చిక్కు. ఫోన్లో ప్లే నొక్కాక పాట కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది, ఆ ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉండదు. మాస్టర్ కౌంట్‌కూ పాటకూ పొంతన తప్పి రీటేకులు పెరుగుతాయి. ఔట్‌డోర్ షూటింగ్‌లో వైరుతో నడిచే స్పీకరే పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

రెండోది మధ్యాహ్నం. 11 నుంచి 3 దాకా ఎండ నెత్తిన ఉంటుంది, ముఖాల మీద కళ్ల కింద నీడలు పడతాయని చెట్టు కింద కూర్చోబెట్టేవారు. ఆ నాలుగు గంటలు డ్యాన్సర్లు కాస్ట్యూమ్‌తో, మేకప్‌తో కూర్చున్నారు. ఎవరి లెక్కలోనూ అది పని కాదు.

నిలబడినవి

ముందుగా రోజుకు హద్దు పెట్టారు. హనుమకొండలో బండి ఎక్కిన నిమిషం నుంచి తిరిగి దిగే దాకా 10 గంటలు, అందులో తిండికి గంట. దాటిన ప్రతి గంటకు రోజు కూలిని 9తో భాగించి ఒకటిన్నర రెట్లు. 1,200 కూలికి గంట ఓటీ (ఓవర్‌టైమ్) రూ. 200. లక్నవరం, పాకాల వైపు ప్రయాణం కూడా పనిలోకే వస్తుంది. దీనివల్ల దూరం లొకేషన్ ఎంత ఖరీదో యజమానికి మొదటిసారి కనిపించింది. రెండో లొకేషన్ తనంతట తానే రద్దయింది.

షూటింగ్ క్రమం మారింది. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ వాలుగా ఉన్నప్పుడు పొలాల్లో వైడ్ షాట్లు, గ్రూప్ స్టెప్పులు. మధ్యాహ్నం ఇంటి వాకిట్లో, అరుగు నీడలో తెల్లటి డిఫ్యూజర్ (వెలుతురును మెత్తబరిచే గుడ్డ) కట్టి క్లోజప్‌లు. ఫైనల్ మిక్స్ రాగానే మామూలు వేగం, రెట్టింపు వేగం రెండు ట్రాకులూ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించడం ప్రొడక్షన్ మేనేజర్ పని. ఏ చరణంలో ఏ లైను స్లోనో ముందే షాట్ లిస్టులో రాయాలి.

కెమెరామెన్‌కు రెండు వరుసలు వచ్చాయి: కూలి 2,500, సామాను కిరాయి 1,500. అసిస్టెంట్ 800 విడిగా, నేరుగా అతని ఖాతాకు. పెట్రోలు బృందం బండి ఖర్చులోకి వెళ్లింది. రేటు బేరం ఆడాలంటే కూలి మీదే ఆడాలి, అరుగుదల మీద ఆడితే కెమెరా ఎవరి డబ్బుతో అరుగుతోందో తెలుస్తుంది.

పాట ఖర్చు ఎంత పెరిగిందన్నది సహజంగా వచ్చే ప్రశ్న. కెమెరాకు 3,600 పెరిగింది. ఎనిమిది మంది డ్యాన్సర్లను ఆరుగురికి తగ్గించి 1,200 ఇస్తే 1,600 తగ్గింది. డ్రోన్‌ను ఒక పూటకు కుదిస్తే 2 వేలు, ఒకే లొకేషన్‌తో బండ్లలో వెయ్యి మిగిలాయి. కొత్తగా చేరినవి ఓటీ నిల్వ 2 వేలు, మెడికల్ వెయ్యి, ఊళ్లో ఇంటి కిరాయి వెయ్యి. అన్నీ పోను పెరిగింది 3 వేలు. ఆ ఇంటి కిరాయి వెయ్యి గురించి ఒక మాట. బట్టలు మార్చుకోవడానికి గది, బాత్రూమ్ లేక అమ్మాయిలు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా డ్యాన్స్ చేసేవారు, షూటింగ్‌లో వాళ్లకు కళ్లు తిరగడానికి అదీ ఒక కారణం. వెయ్యి రూపాయల ఖర్చుకు ఇంతకంటే మంచి కారణం బడ్జెట్ మొత్తంలో లేదు. రాత్రి 8 దాటితే అమ్మాయిలను ఇంటి దాకా దింపడం కూడా రాసుకున్నారు.

కూలి డబ్బు షూటింగ్‌కు ముందే విడి ఖాతాలో పడాలి, అప్పుడే తేదీ ఖాయం. యజమాని, ప్రొడక్షన్ మేనేజర్ ఇద్దరూ సంతకం చేస్తేనే అది కదులుతుంది. ప్యాకప్ అయిన సాయంత్రమే యూపీఐలో చెల్లింపు. ఎడిటర్‌కు సగం రఫ్ కట్ చూపించినప్పుడు, సగం ఫైనల్ ఇచ్చినప్పుడు. మూడు కరెక్షన్ల తర్వాత ప్రతిదానికీ విడిగా. హార్డ్ డిస్క్ పట్టుకోవడం ఆగిపోవడానికి ఇంకో ఏర్పాటు తోడైంది: షూటింగ్ రోజే రెండు డిస్కుల్లోకి కాపీ, ఒకటి మేనేజర్ దగ్గర. 100 ఎంబీపీఎస్ 4కె ఫుటేజీ గంటకు 45 జీబీ అవుతుంది, పాటకు మూడు గంటలు తీస్తే 135 జీబీ. ఒక టీబీ డిస్క్ ఏడు పాటలకు సరిపోవాలి, కానీ ప్రాజెక్ట్ ఫైళ్లూ ఎక్స్‌పోర్టులూ కలిస్తే నాలుగైదుకే నిండుతుంది. ముందే కొనిపెట్టుకోవాలి.

వాటా మాట పూర్తిగా పోలేదు, బోనస్‌గా మారింది. ఖరారైన ఆదాయం ఖర్చుకు ఒకటింపావు రెట్లు దాటితే, దాటిన దాంట్లో 30 శాతం మూడు నెలలకోసారి కూలి నిష్పత్తిలో పంచుతారు, విడుదలైన 24 నెలల దాకా. హిట్ పాటకు ఈ సూత్రం పెట్టి చూశాం. హద్దు 1.75 లక్షలు, దాటింది 60 వేలు, బోనస్ 18 వేలు. రెండు రోజులు చేసిన గ్రూప్ డ్యాన్సర్‌కు అందులో వచ్చేది దాదాపు 510. అదే డ్యాన్సర్‌కు ఆ పాటలో పాత వెయ్యి రేటు మీదే రోజుకు ఐదు గంటల ఓటీ కట్టి ఉంటే రూ. 1,660 పైన వచ్చేది. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూశాకే వాటా కోసం పట్టుబట్టడం తగ్గింది.

కాగితాలు

తెలుగులో ఒక పేజీ ఒప్పందం రాశారు: పని, కూలి, గంటలు, ప్రయాణం, తిండి, చెల్లింపు రోజు, టైటిల్స్‌లో పేరు. 1981 నాటి సినీ వర్కర్ల చట్టం ఫీచర్ ఫిల్ములకే వర్తించేది, పాట వీడియోలు దాని బయట ఉండేవి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఆడియో విజువల్ ప్రొడక్షన్ నిర్వచనం డిజిటల్ నిర్మాణాల దాకా వచ్చింది, రాతపూర్వక ఒప్పందం మాట కూడా ఉంది. చిన్న బృందాలు దీన్ని ఇప్పుడే అలవాటు చేసుకోవడం మేలు.

రచయిత, సంగీతం చేసినవాళ్లతో విడి ఒప్పందం ఉండాలి. కాపీరైట్ బదిలీ రాసి సంతకం చేస్తేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా తీసుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మన జానపదాలకు దుబాయి, మస్కట్‌లలో కూడా వినేవాళ్లున్నారు కాబట్టి ఆ వాక్యం మరవొద్దు. ఆడియోను కంటెంట్ ఐడీలో ఎవరు ఎక్కిస్తారన్నది ఇదే కాగితంలో తేల్చుకున్నారు.

పల్లెల్లో పెద్దవ్వల దగ్గర విని తెచ్చిన పాటల విషయంలో చట్టం కంటే ముందు మర్యాద ఉంది. పాట ఇచ్చిన అవ్వ పేరు ‘సేకరణ’ కింద వేయడం, రచన పద్దులోంచే ఆమెకు కొంత ముట్టజెప్పడం బృందం ఒప్పుకుంది. నాటు వేస్తూ పాడిన పాటను రచయిత తన పేరున రాసుకుంటే ఆ ఊరికి మళ్లీ షూటింగ్‌కు వెళ్లలేరు.

అందరూ అసంఘటిత కార్మికుల కేంద్ర పోర్టల్ ఈ-శ్రమ్‌లో నమోదయ్యారు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకున్నారు. అది మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే, బెణికిన కాలికి రాదు. మెడికల్ వెయ్యి పక్కన పెట్టింది అందుకే. లైంగిక వేధింపుల ఫిర్యాదుకు, పది మంది లోపు ఉన్న చోట జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లవచ్చని ఒప్పందం కిందే రాశారు.

ఏమి పోయింది, ఏది తేలలేదు

ఏడాదికి ఆరు పాటలు నాలుగయ్యాయి. ఇద్దరు గ్రూప్ డ్యాన్సర్లకు పని తప్పింది, వాళ్లు సంగీత్ ఈవెంట్ల వైపు వెళ్లారు. లీడ్ అబ్బాయి సీరియల్స్ కోసం హైదరాబాద్ పోయాడు. బయటి క్లయింట్ల పాటలకు ఈ గంటల నిబంధన పెట్టబోతే కొందరు వేరే బృందాన్ని చూసుకున్నారు. ఒక బృందం ఒంటరిగా రేటు నిలబెట్టడం కష్టం. ముహూర్తాలు లేని నెలల్లో పక్క బృందం సగానికే వస్తానంటే ఈ కాగితానికి బలం తగ్గుతుంది. వరంగల్, కరీంనగర్ వీడియోగ్రాఫర్లు కలిసి పాటకు ఒక కనీస రేటు మాట్లాడుకుంటే తప్ప ఇది బయటికి పాకదు. యజమాని పెళ్లి ఆర్డర్ల ఆసరా లేని బృందానికి ముందస్తు జమ నియమం అసలు నడవదు. అలాంటి వాళ్లు ముందు పాటల సంఖ్య తగ్గించి, రోజు హద్దుతో మొదలుపెట్టాలి.

డ్యాన్స్ మాస్టర్ ప్రశ్న ఇంకా తెగలేదు. పాట పేలితే జనం ఆ స్టెప్పు వేసి వేలకొద్దీ షార్ట్స్ (యూట్యూబ్‌లో పెట్టే పొట్టి వీడియోలు) పెడతారు. షార్ట్స్‌లో ఒక పాట వాడితే ఆ వ్యూస్ డబ్బులో సగం సంగీతం హక్కుదారుల వైపు వెళ్తుంది, మిగతా సగం క్రియేటర్ల వైపు. స్టెప్పు కట్టిన మాస్టర్‌కు ఏమీ రాదు. కాపీరైట్ చట్టం నృత్య రచనను నాటక కృతుల్లో చేర్చింది, కానీ దాన్ని రాతలోనో ఇంకో రూపంలోనో స్థిరపరచి ఉంచాలి, పైగా ఫోన్లలో స్టెప్పు వేసిన వాళ్ల వెంట పడటం ఎవరి తరమూ కాదు. బృందం తాత్కాలికంగా ఒక మార్గం పెట్టుకుంది: ఆడియో హక్కుల ద్వారా ఛానెల్‌కు వచ్చే దాంట్లో 5 శాతం మాస్టర్‌కు, స్టెప్పుల రిహార్సల్ వీడియో తేదీతో సహా ఆయన పేరున భద్రం. సంగీతం చేసినతను ఈ 5 శాతం తన వాటాలోంచి పోకూడదన్నాడు, యజమాని తన వాటాలోంచి ఇస్తున్నాడు. మాస్టర్ అడిగింది 10.